ఎండకు జారని ఫ్రీక్వెన్సీ

మే నెల మధ్యాహ్నం ధర్మవరంలోనో పెనుకొండలోనో రేకుల కప్పు కింద గది 40 డిగ్రీలు దాటి కాలిపోతుంటుంది. తెల్లవారుజామున అదే గదిలో పాతిక డిగ్రీలు కూడా ఉండవచ్చు. మనిషి చెమటోడ్చి, మజ్జిగ తాగి ఈ తేడాను తట్టుకుంటాడు. సొంతంగా తయారు చేసుకున్న రేడియో ట్రాన్సీవర్‌కు ఆ వెసులుబాటు లేదు. పొద్దున 7.100 మెగాహెర్ట్జ్ మీద నిలబెట్టిన సెట్ మధ్యాహ్నానికి ఎవరూ ముట్టుకోకుండానే పక్క ఫ్రీక్వెన్సీలోకి వెళ్లిపోయి ఉంటుంది. అవతల మాట్లాడుతున్నవారి గొంతు ముందు సన్నబడో బొంగురుపోయో, చివరికి అర్థం కాని గొణుగుడుగా మారుతుంది. 'ఓఎం, మీరు జారిపోతున్నారు, కాస్త పైకి రండి' అనే మాట ఔత్సాహిక రేడియో ఆపరేటర్లందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. హామ్‌లు అని పిలిచే ఈ ఆపరేటర్లలో మగవారు వయసుతో పనిలేకుండా ఒకరినొకరు 'ఓఎం' (ఓల్డ్ మ్యాన్) అనే పిలుచుకుంటారు.

ఈ జారుడును ఆపడం నూరేళ్లకు పైగా రేడియో ఇంజినీర్లను వెంటాడిన సమస్య. దానికి చవకైన, అందరికీ అందే పరిష్కారాన్ని బోర్డు మీదికి ఎక్కించి ప్రపంచమంతా పంపినవారిలో మన హైదరాబాద్ మనిషి ఒకరున్నారు. అక్కడికి వెళ్లే ముందు, అసలు ఫ్రీక్వెన్సీ ఎందుకు జారుతుందో చూడాలి.

ట్రాన్సీవర్ అంటే పంపడం, వినడం రెండూ చేసే పెట్టె. దాని గుండెకాయ ఆసిలేటర్. ఒక కాయిల్, ఒక కండెన్సర్ పక్కపక్కన కలిపితే కరెంటు వాటి మధ్య అటూ ఇటూ ఊగుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరైన క్షణంలో చిన్న తోపు ఇస్తే ఊపు ఆగనట్టే, ట్రాన్సిస్టర్ ఆ ఊగిసలాటకు శక్తి అందిస్తూ పోతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో కాయిల్ ఇండక్టెన్స్, కండెన్సర్ కెపాసిటెన్స్ కలిసి నిర్ణయిస్తాయి. 1915లో అమెరికా ఇంజినీర్ రాల్ఫ్ హార్ట్లీ కనిపెట్టిన ఆసిలేటర్ ఈ కుటుంబానిదే. నాబ్ తిప్పి ఫ్రీక్వెన్సీ మార్చుకునేలా కడితే దాన్ని వీఎఫ్ఓ అంటారు. పాత రేడియోల్లో నాబ్ తిప్పినప్పుడు తిరిగే రేకుల గ్యాంగ్ కండెన్సర్ చేసేది ఈ పనే.

ఇప్పుడు ఎండ సంగతి. వేడెక్కితే రాగి తీగ సాగుతుంది, కాయిల్ చుట్టిన కోర్ గుణం మారుతుంది, కండెన్సర్ లోపలి పొరలు కదులుతాయి. ఒక్కో మార్పు కంటికి ఆననంత చిన్నది. లెక్క వేస్తే మాత్రం గుండె జారుతుంది. 5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే వీఎఫ్ఓలో కెపాసిటెన్స్ ఒక డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు పెరిగిందనుకుందాం. ఫ్రీక్వెన్సీ అందులో సగం, అంటే పది లక్షల్లో 50 వంతులు తగ్గుతుంది. 5 మెగాహెర్ట్జ్ మీద అది 250 హెర్ట్జ్. పది డిగ్రీలకు 2,500 హెర్ట్జ్. హామ్‌లు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో ఒక మనిషి గొంతు ఆక్రమించే వెడల్పు దాదాపు అంతే. అంటే గది పది డిగ్రీలు వేడెక్కేసరికి మాట మొత్తం పక్కవాడి చోటులోకి వెళ్లి కూర్చుంటుంది.

సైడ్‌బ్యాండ్‌లో ఇంకో పేచీ ఉంది. మామూలు మీడియం వేవ్ ప్రసారంలో గొంతుతో పాటు దాన్ని మోసే క్యారియర్ తరంగం కూడా వస్తుంది. రిసీవర్ దాన్ని పట్టుకుని గొంతును విడదీస్తుంది. సైడ్‌బ్యాండ్‌లో శక్తి ఆదా కోసం క్యారియర్‌ను తీసేస్తారు. వినేవాడి సెట్ దాన్ని తిరిగి తయారు చేసుకోవాలి. అక్కడ 50 హెర్ట్జ్ తేడా వస్తే చెవి సర్దుకుంటుంది. 100 దాటితే ఎవరో తెలిసినవారి గొంతే కొత్తగా వినిపిస్తుంది. 300 హెర్ట్జ్ దగ్గర మాటలు పట్టుకోవడమే కష్టం.

వేడి ఒక్కటే శత్రువు కాదు. ప్రసారం మొదలుపెట్టగానే పవర్ ట్రాన్సిస్టర్ కరెంటు గుంజుకుంటుంది, 12 వోల్టుల సరఫరా కాస్త దిగుతుంది, దానితో ఆసిలేటర్ కూడా కదులుతుంది. అందుకే వీఎఫ్ఓకు విడిగా రెగ్యులేటర్ పెట్టి 8 లేదా 9 వోల్టులు ఇస్తారు. ఆసిలేటర్ తర్వాతి దశల బరువు దాని మీద పడకుండా మధ్యలో బఫర్ ఆంప్లిఫయర్ ఉండాలి. పెట్టె రేకు పలచగా ఉంటే బల్ల మీద చెయ్యి వేసినా ఫ్రీక్వెన్సీ వణుకుతుంది.

వీటిని గెలవడంలో పాతకాలపు నిర్మాతల చేతిపని చూడదగ్గది. మొదట కండెన్సర్ల ఎంపిక. కొట్లో పది రకాల సిరామిక్ బిళ్లలు దొరుకుతాయి. వాటిలో ఎన్‌పీ0 లేదా సీ0జీ అని ముద్ర ఉన్నవే వీఎఫ్ఓకు పనికొస్తాయి. అవి డిగ్రీకి పది లక్షల్లో 30 వంతులకు మించి మారవు. చవక సిరామిక్ బిళ్ల వేస్తే ఎండాకాలంలో సెట్‌ను నమ్ముకోవడం వృథా. తర్వాత కాయిల్. పసుపు రంగు పూసిన ఆరో రకం ఐరన్ పౌడర్ టొరాయిడ్ ఇండక్టెన్స్ డిగ్రీకి పది లక్షల్లో దాదాపు 35 వంతులు పెరుగుతుంది. పాలిస్టైరిన్ కండెన్సర్ ఇందుకు తిరగబడి, వేడెక్కేకొద్దీ దాదాపు 150 వంతులు తగ్గుతుంది. కాబట్టి మొత్తం కెపాసిటెన్స్‌లో నాలుగో వంతు పాలిస్టైరిన్‌తో, మిగతాది ఎన్‌పీ0తో నింపితే కాయిల్ పెరుగుదలను కండెన్సర్ తగ్గుదల మింగేస్తుంది. ఒకదాని లోపాన్ని ఇంకొకదాని లోపంతో సరిచేయడం ఈ విద్యలో అన్నిటికన్నా తెలివైన మెట్టు.

ఆచరణలో పని ఇలా నడుస్తుంది. కాయిల్ బిగుతుగా చుట్టి, ఉడుకు నీళ్లలో కాసేపు ఉంచి చల్లారనిస్తారు. చుట్టినప్పుడు తీగలో మిగిలిన బిగువు దాంతో సడలుతుంది. తడి పూర్తిగా ఆరాక చుట్లు కదలకుండా మైనం పోస్తారు. సర్క్యూట్‌ను మూత ఉన్న పెట్టెలో బిగించి, ఫ్రీక్వెన్సీ కౌంటర్ తగిలించి, నిమిషానికోసారి అంకె కాగితం మీద రాసుకుంటారు. పెట్టె వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ కిందికి పోతుంటే పాలిస్టైరిన్ పాలు పెంచాలి, పైకి పోతుంటే తగ్గించాలి. ఒక కండెన్సర్ ఊడబీకి ఇంకోటి అతికించిన ప్రతిసారీ అది చల్లారేదాకా ఆగాలి, మళ్లీ మొదటి నుంచి కొలవాలి. ఓపిక లేనివారికి ఈ పని కుదరదు. ఇన్ని చేశాక కూడా మొదటి పావుగంట సెట్‌ను వేడెక్కనిచ్చి ఆ తర్వాతే మాట్లాడేవారు.

క్వార్ట్జ్ క్రిస్టల్‌కు ఈ అగచాట్లు లేవు. 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు, జాక్, పియర్, కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని చూపించారు. దీన్ని తిరగేసి, విద్యుత్తుతో స్ఫటికాన్ని కంపింపజేసి ఆసిలేటర్‌ను కట్టడి చేయవచ్చని 1920ల మొదట్లో అమెరికాలో వాల్టర్ కేడీ నిరూపించాడు. 1923లో జార్జ్ పియర్స్ దాన్ని మరింత సులువు సర్క్యూట్‌గా మార్చాడు. కాయిల్, కండెన్సర్ జంట నాణ్యత అంకె వందల్లో ఉంటే క్వార్ట్జ్ పలకది పదివేలు దాటి పోతుంది. 1930లలో ఏటీ కట్ అనే కోణంలో పలకను కోయడం నేర్చాక మామూలు గది ఉష్ణోగ్రతల్లో దాని కదలిక దాదాపు ఆగిపోయింది. ఈ రోజు పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారవుతున్న కియా కార్లలోనూ, జేబులోని ఫోనులోనూ అదే జాతి పలకలు కంపిస్తుంటాయి.

చిక్కల్లా ఒక్కటే. క్రిస్టల్ కదలదు. దాని మందం నిర్ణయించిన ఫ్రీక్వెన్సీ మీదే నిలుస్తుంది. మహా అయితే కొద్ది కిలోహెర్ట్జ్ అటూ ఇటూ లాగవచ్చు. మన దేశంలో హామ్‌లకు 40 మీటర్ల బ్యాండ్‌లో 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు చోటుంది. అంతటా తిరగాలంటే ఎన్ని క్రిస్టల్స్ కొనాలి? కదిలే వీఎఫ్ఓ నిలవదు, నిలిచే క్రిస్టల్ కదలదు. ఈ రెండింటినీ ఒకే పెట్టెలో కూర్చడానికే ఆ తర్వాతి కృషి అంతా.

1973లో నెదర్లాండ్స్ హామ్ క్లాస్ స్పార్గారెన్ (కాల్‌సైన్ పీఏ0కేఎస్‌బీ) ఒక అందమైన ఉపాయం ప్రకటించాడు. పాత వీఎఫ్ఓను అలాగే ఉంచి పక్కన క్రిస్టల్ గడియారంతో నడిచే ఒక లెక్కింపు సర్క్యూట్ పెట్టాడు. అది నిర్ణీత వ్యవధికోసారి వీఎఫ్ఓ కంపనాలను లెక్కపెట్టి చివరి అంకె 0 వచ్చిందా, 1 వచ్చిందా అని మాత్రం చూస్తుంది. ఒక అంకె వస్తే వీఎఫ్ఓను వోల్టేజ్‌తో రవ్వంత పైకి నెడుతుంది, ఇంకో అంకె వస్తే కిందికి. ఇలా నెడుతూ లాగుతూ ఉంటే ఫ్రీక్వెన్సీ తన దగ్గర్లోని గీత మీద నిలిచిపోతుంది. గీతల మధ్య దూరం కొద్ది పదుల హెర్ట్జ్ మాత్రమే కాబట్టి నాబ్ తిప్పే చేతికి అవి తగలవు. ఈ పద్ధతికి హఫ్ అండ్ పఫ్ అని పేరు పడింది. వీఎఫ్ఓ మరీ వేగంగా జారితే ఇది అందుకోలేదు. కాబట్టి చేతిపని మంచిగా చేసినవారికే ఉపయోగపడింది. సోమరితనానికి మందు కాదు.

ఇక మన కథ. 2003 ప్రాంతంలో హైదరాబాద్‌కు చెందిన అషర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్‌ఈ) బిట్ఎక్స్20 అనే ట్రాన్సీవర్ రూపకల్పనను ఇంటర్‌నెట్‌లో ఉచితంగా పెట్టారు. బంజారాహిల్స్‌లో ఉన్న లామకాన్ సాంస్కృతిక కేంద్రం వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. బిట్ఎక్స్20 14 మెగాహెర్ట్జ్ మీద దాదాపు 6 వాట్లతో మాట్లాడే సెట్. ఖరీదైన విదేశీ భాగాలకు మన దేశంలో హామ్‌లు ఎంత తంటాలు పడతారో తెలిసిన మనిషి గీసిన సర్క్యూట్ అది. టొరాయిడ్ దొరక్కపోతే కుళాయి వాషర్ మీద కాయిల్ చుట్టుకోమన్నారు. అతి మామూలు ట్రాన్సిస్టర్లు, కోఠీలోని గుజరాతీ గల్లీలోనో బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనో దొరికే సరుకుతో సెట్ మొత్తం తయారయ్యేలా చూశారు. హిందూపురం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్లి, సరుకు కొనుక్కుని సాయంత్రానికి ఇంటికి రాగలిగేవారికి ఆ ఆలోచన విలువ వేరే చెప్పాలా?

ఫ్రీక్వెన్సీ విషయంలో ఫర్హాన్ వేసిన ఎత్తు గమనించదగ్గది. 14 మెగాహెర్ట్జ్ దగ్గర నేరుగా వీఎఫ్ఓ కడితే ప్రతి లోపం పెద్దదై కనిపిస్తుంది. అందుకని వడపోత పని చేసే నాలుగు 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్‌కు పెద్ద భాగం అప్పగించి, కదిలే వీఎఫ్ఓను 4 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచారు. 10, 4 కలిస్తే 14. జారేది 4 మెగాహెర్ట్జ్ భాగమే కాబట్టి జారుడు కూడా ఆ మేరకే. సూపర్‌హెటరోడైన్ సెట్లలో ఇది పాత పాఠమే అయినా, చవక భాగాలతో చేతిపని చేసేవారికి దాని వల్ల ఎంత మేలో బిట్ఎక్స్ చూపించింది. ఎన్నో దేశాల్లో హామ్‌లు దాన్ని కట్టుకున్నారు, మార్చుకున్నారు, తమ పేర్లతో కిట్లు చేశారు.

2016 చివర్లో బిట్ఎక్స్40 వచ్చింది. ఈసారి తయారైన బోర్డు. హైదరాబాద్‌లోని ఆయన సంస్థ హెచ్ఎఫ్ సిగ్నల్స్ నుంచి మహిళల బృందం కాయిల్స్ చుట్టి, బోర్డులు అతికి, ఒక్కోటీ పరీక్షించి పంపేది. మొదటి విడత బోర్డుల్లో, వోల్టేజ్‌ను బట్టి కెపాసిటెన్స్ మారే వరాక్టర్ డయోడ్‌తో ట్యూన్ అయ్యే మామూలు వీఎఫ్ఓనే ఉండేది. వెంటనే దాని స్థానంలో రాడుయినో అనే చిన్న బోర్డు వచ్చింది. ఒక ఆర్డుయినో నానో, ఒక రెండు వరుసల తెర, ఎస్ఐ5351 అనే చిప్ - అంతే. ఆ తర్వాత 80 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా అన్ని బ్యాండ్లలో పనిచేసే యూబిట్ఎక్స్‌లోనూ అదే చిప్ కొనసాగింది.

ఎస్ఐ5351 చేసేది నిలిచే క్రిస్టల్‌ను కదిలేలా చూపించడం. పక్కనున్న 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను ఆధారం చేసుకుని చిప్ లోపల 600 నుంచి 900 మెగాహెర్ట్జ్ మధ్య ఒక ఆసిలేటర్ నడుస్తుంది. దాన్ని అంకెలతో భాగించి క్రిస్టల్‌తో పోల్చి, తేడా వస్తే సరిచేస్తూ ఉంటుంది. ఈ ఫేజ్ లాక్ ఆలోచనను 1932లోనే ఫ్రాన్స్‌లో ఆంరీ ద బెల్‌సీజ్ ప్రకటించాడు. అప్పట్లో బల్బుల సెట్టు నిండా పట్టే పని ఇప్పుడు గోరంత చిప్‌లో ఇమిడింది. దాని నుంచి కావలసిన ఫ్రీక్వెన్సీని మళ్లీ భాగించి బయటికి పంపుతుంది. నాబ్ తిప్పితే మారేది ఆర్డుయినోలోని ఒక అంకె మాత్రమే. తొలి లెక్కలోని వీఎఫ్ఓ పది డిగ్రీలకు 2,500 హెర్ట్జ్ జారింది. ఈ చిప్ ఆధార క్రిస్టల్ పది లక్షల్లో 10 వంతులు కదిలినా 5 మెగాహెర్ట్జ్ మీద తేడా 50 హెర్ట్జ్. ఎండాకాలం ధర్మవరంలో ఆ సెట్‌ను నిశ్చింతగా వాడవచ్చు.

క్రిస్టల్ మీద రాసిన అంకె, నిజంగా కంపించే అంకె ఒకటి కావు. ఆ తేడాను తెలుసుకోవడానికి ల్యాబొరేటరీ అక్కర్లేదు. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ స్పష్టంగా వినిపించే చోట జేబు రేడియో పెట్టి, రాడుయినోను సరిగ్గా 900 కిలోహెర్ట్జ్ ఇచ్చేలా చేసి, దాని తీగను రేడియో దగ్గరికి తేవాలి. రెండు క్యారియర్లు కలిసి సన్నని ఈల వినిపిస్తుంది. దిద్దుబాటు అంకె మారుస్తూ పోతే ఈల బొంగురై, ఆగి, కార్యక్రమం మెల్లగా హెచ్చుతగ్గులతో ఊగడం మొదలవుతుంది. సెకనుకు ఒక ఊపు వస్తే తేడా ఒక్క హెర్ట్జ్. అంటే పది లక్షల్లో ఒక వంతు కన్నా కాస్త ఎక్కువ. బెంగళూరు ఆకాశవాణి 612 కిలోహెర్ట్జ్ బలంగా అందే లేపాక్షి వైపు దానితోనూ ఇదే పని చేయవచ్చు.

ఇంతకీ చిప్ వచ్చాక కాయిల్ విద్యకు కాలం చెల్లినట్టేనా? అలా అనుకోవడం తొందరపాటు. గంటల తరబడి నిలకడ వేరు, క్షణక్షణం శుభ్రత వేరు. అంకెలతో పుట్టిన సంకేతంలో సన్నని గరగర కలుస్తుంది. దాన్ని ఫేజ్ నాయిజ్ అంటారు. పక్కనే బలమైన స్టేషన్ ఉంటే ఆ గరగర బలహీనమైన గొంతును కప్పేస్తుంది. శ్రద్ధగా కట్టిన కాయిల్ వీఎఫ్ఓ ఈ ఒక్క విషయంలో చవక చిప్‌ను ఇప్పటికీ ఓడించగలదు. అందుకే కొందరు నిర్మాతలు హఫ్ అండ్ పఫ్‌ను ఇంకా వదల్లేదు.

మరోవైపు నిలకడ అవసరం పెరుగుతూనే ఉంది. భౌతికశాస్త్రంలో నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో కంప్యూటర్ల మధ్య సందేశాలు నడుస్తాయి. దాని స్వరాల మధ్య దూరం 6.25 హెర్ట్జ్. టేలర్ 2008లో తెచ్చిన డబ్ల్యూఎస్‌పీఆర్‌లో ఆ దూరం ఒకటిన్నర హెర్ట్జ్ కూడా లేదు, ఒక్కో ప్రసారం రెండు నిమిషాలకు కాస్త తక్కువ. ఆ రెండు నిమిషాల్లో సెట్ నాలుగు హెర్ట్జ్ జారినా సందేశం చెదిరిపోవచ్చు. అందుకే దాని కోసం ఉష్ణోగ్రతను గమనించి తనంత తాను దిద్దుకునే టీసీఎక్స్ఓ క్రిస్టల్స్ వాడతారు.

ఆపద వేళల్లో ఈ నిలకడ ప్రాణాల లెక్కలోకి వస్తుంది. 1983లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లింది. 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న ఆ బృందం హామ్ రేడియో ద్వారా ద్వీపాల సమాచారాన్ని బయటికి అందించింది. ఎందరో ఒకే ఫ్రీక్వెన్సీ మీద చేరి, వంతులవారీగా మాట్లాడే అలాంటి సమయంలో ఒక్క సెట్ జారినా వరస తప్పుతుంది.

నిలకడకు పై అంచు శ్రీహరికోట నుంచి ఎగిరింది. నావిగేషన్ ఉపగ్రహంలో గడియారం ఒక నానోసెకను తప్పితే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. 2013లో పంపిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలోని దిగుమతి చేసుకున్న మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయి ఆ ఉపగ్రహం దిక్కు చూపే పనికి దూరమైంది. ఆ దెబ్బ తర్వాత ఇస్రో సొంతంగా తయారు చేసుకున్న రుబీడియం గడియారం 2023 మే 29న ఎన్‌వీఎస్-01తో కక్ష్యకు చేరింది. పరికరం ఎంత పెద్దదైనా సమస్య అదే. కంపించేదాన్ని వేడి నుంచి, కుదుపు నుంచి, కాలం నుంచి కాపాడాలి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టు కోసం దొరికిన కిట్ తెచ్చి అతికించేస్తుంటారు. వారి అధ్యాపకులకు ఒక విన్నపం. ముందు ఒక ట్రాన్సిస్టర్, ఒక కాయిల్, నాలుగు కండెన్సర్లతో 5 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ కట్టించండి. కౌంటర్ తగిలించి, మధ్యాహ్నం ఎండలో పెట్టించి, గంటసేపు అంకెలు రాయించండి. ఆ తర్వాతే ఎస్ఐ5351 వారి చేతికివ్వండి. ఇంత నిలకడ ఎక్కడిదో అప్పుడు వారికి తెలుస్తుంది. గాలిలోకి ప్రసారం చేయాలంటే మాత్రం లైసెన్సు తప్పనిసరి. దాన్ని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది. పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు.